మడమ నొప్పి, కీళ్ల నొప్పులు: కొండదారిలో నడిచే కాళ్ల కోసం

మడమ నొప్పి చాలామందికి ఒకేలా మొదలవుతుంది. రాత్రంతా పడుకుని, తెల్లారి లేచి నేల మీద మోపిన మొదటి అడుగులోనే మడమ కింద, లోపలి అంచు దగ్గర, ముల్లు దిగినట్టు కలుక్కుమంటుంది. పది పదిహేను అడుగులు కుంటుతూ వేశాక సర్దుకుంటుంది. పనిలో పడితే గుర్తు కూడా రాదు. సంతలో కాసేపు కూర్చుని లేవగానే మళ్లీ అదే పోటు. ఎక్కువ నడిచిన రోజు సాయంత్రం మడమంతా సలుపుతుంది. ఊళ్లో దీన్ని మడమ శూల అంటారు. ఎక్స్‌రే తీయించుకున్నవారు ‘ఎముక పెరిగిందట’ అంటారు. డాక్టరు చీటీ మీద ప్లాంటార్ ఫేషియైటిస్ అని ఉంటుంది.

మడమ ఎముక నుంచి కాలి వేళ్ల మొదళ్ల దాకా, అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ అది సాగి, అరికాలి వంపును నిలబెడుతుంది. దాని శక్తికి మించి పని పడితే, మడమ ఎముకకు అంటుకునే చోట దెబ్బతింటుంది. రాత్రి కదలిక లేక బిగుసుకుపోయిన పట్టీ మీద పొద్దున్నే ఒంటి బరువంతా ఒక్కసారిగా పడుతుంది కాబట్టి ఆ మొదటి అడుగు అంత బాధిస్తుంది. మరి ఎక్స్‌రేలో కనిపించే ఎముక ములుకు సంగతేమిటి? ఏ నొప్పీ లేనివాళ్ల మడమల్లోనూ అది కనిపిస్తుంది. ములుకు అలాగే ఉండగానే నొప్పి పూర్తిగా తగ్గినవాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని కోయించుకోవాలన్న భయంతో నెలల తరబడి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. నిజానికి మామూలు మడమ శూలకు మొదటి రోజే ఎక్స్‌రే అవసరం కూడా ఉండదు.

కొండ నేల, కాలి మీద బరువు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దు మీద ఉన్న ముంచింగిపుట్టు మండలంలో చదును నేల తక్కువ. మాచ్‌ఖండ్ నది నీటిని పై నుంచి కిందికి దూకించి 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. టర్బైన్లను తిప్పే ఆ వాలే ఇక్కడి మనుషుల కాళ్లకు రోజువారీ దారి. ఎక్కేటప్పుడు పిక్క కండరాలు, మడమ వెనుక నరం (స్నాయువు) సాగి బిగుస్తాయి. దిగేటప్పుడు మడమ ముందుగా నేలను తాకి దెబ్బ తింటుంది, మోకాలి మీద భారం పెరుగుతుంది. నవంబరు నుంచి కాఫీ పండ్ల కోత. వాలు మీద ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి గంటల తరబడి నిలబడాలి. కోసిన పండ్ల బస్తాను నెత్తిన పెట్టుకుని దిగాలి. మిగతా రోజుల్లో కట్టెల మోపు, నీళ్ల బిందె, వానాకాలంలో మడిలో నాట్లు.

ఇంకో మార్పు కూడా గమనించదగ్గది. మట్టితో మెత్తి పేడతో అలికిన నేల స్థానంలో చాలా ఇళ్లకు సిమెంటు గచ్చు వచ్చింది. గచ్చు మీద ఉత్తి కాళ్లతో నిలబడి వంట చేసి, గడప దాటగానే అరిగిపోయిన హవాయి చెప్పులు తొడుక్కుంటే మడమకు దక్కే మెత్తదనం ఏమీ లేదు.

బరువు తగ్గమన్న సలహా పట్నం పుస్తకాల్లో మొదటి వాక్యంగా ఉంటుంది. పొట్ట ఉన్నవారికి అది మంచి సలహాయే. సన్నగా, పొడుగ్గా ఎండిన కట్టెలా ఉండే కొండ రైతుకు ఆ మాట చెప్పి లాభమేమిటి? అతను తగ్గించాల్సింది ఒంటి బరువు కాదు, నెత్తి మీద బరువు.

పొద్దున బిగువు ఎంతసేపు?

నొప్పి ఏ జాతిదో తేల్చడానికి ఇంట్లోనే అడగదగ్గ మొదటి ప్రశ్న ఇదే. గడియారం అక్కర్లేదు. పొయ్యి రాజేసి చోడి (రాగి) అంబలి దించేదాకా జరిగే పనులే కొలత.

నాలుగడుగులు వేయగానే, పొయ్యి దగ్గరికి చేరేలోపే నొప్పి సర్దుకుంటే అది మామూలు మడమ శూల అయ్యే అవకాశం ఎక్కువ. మోకాలు బిగుసుకుని, అంబలి ఉడికేలోపు, అంటే అరగంటలోపు సాగితే, అది సాధారణంగా కీళ్ల అరుగుదల. అంబలి తాగి, పశువులను తోలి, ఎండ పైకొచ్చాక కూడా వేళ్లు ముడుచుకోకపోయినా, నడుం వంగకపోయినా, అంటే బిగువు గంట దాటినా, అది వాపుతో కూడిన కీళ్లవాతం కావచ్చు. మొదటి రెండింటికి సాధన మందు. మూడోదానికి డాక్టరు కావాలి, అదీ ఆలస్యం లేకుండా.

మడమ నొప్పికీ కీళ్లవాతానికీ సంబంధం ఏమిటన్న అనుమానం ఇక్కడే తీరుతుంది. కొన్ని రకాల కీళ్లవాతాలు కీలు కన్నా ముందు, నరం ఎముకకు అంటుకునే చోట్ల వాపు తెస్తాయి. అలాంటి చోట్లలో మడమ ముఖ్యమైనది. ఒక ఉదాహరణ: ఇరవై నాలుగేళ్ల యువకుడు. రెండు మడమలూ నొప్పి. చెప్పులు మార్చాడు, తగ్గలేదు. మూడు నెలలుగా తెల్లవారుజామున నడుం పట్టేసి మెలకువ వస్తోంది. లేచి తిరిగితే బాగుంటుంది, పడుకుంటే పెరుగుతుంది. అతనికి మడమ కింద మెత్త వేస్తే సరిపోతుందా? సరిపోదు. అది వెన్నెముక కీళ్లవాతం కావచ్చు. విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నడుం నొప్పి, నలభై ఏళ్లలోపు మొదలైతే, పరీక్ష చేయించాల్సిందే.

వానాకాలంలో ఏజెన్సీ ఊళ్లలో రక్త విరేచనాలు కొత్త కాదు. విరేచనాలు తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో మోకాలో చీలమండో వాచి, మడమ నొప్పి పట్టి, కళ్లు ఎర్రబడినా, మూత్రంలో మంట వచ్చినా, దాన్ని రియాక్టివ్ ఆర్థ్రైటిస్‌గా అనుమానించాలి. డాక్టరు అడగకపోయినా ‘పోయిన నెల విరేచనాలయ్యాయి’ అని చెప్పడం రోగి బాధ్యత. ఆ ఒక్క మాట రోగ నిర్ణయాన్ని మార్చేస్తుంది.

మడమలో ఎక్కడ?

వేలితో నొక్కి చూసుకోవాలి. మడమ కింద లోపలి అంచున నొక్కితే నొప్పి అంటే పట్టీ దెబ్బతిన్నది. సరిగ్గా మధ్యలో, రాయి మీద కాలు వేసినప్పుడల్లా నొప్పి అంటే మడమ కింద ఉండే కొవ్వు మెత్త అరిగింది. దానికి సాగదీతల కన్నా మెత్తని చెప్పు ముఖ్యం. మడమ వెనుక, చెప్పు పట్టీ తగిలే చోట నొప్పి అంటే పిక్క నరం అంటుకునే చోట ఇబ్బంది. ఆ నొప్పి ఉన్నవారు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే సాధన చేయకూడదు, పెరుగుతుంది. మడమను రెండు పక్కల నుంచీ అరచేతులతో గట్టిగా నొక్కితే ప్రాణం పోయినంత పని అయితే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. నడక తగ్గించి ఎక్స్‌రే తీయించాలి. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోతే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీయించాల్సి రావచ్చు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఆటల తర్వాత మడమ పట్టుకుని కూర్చుంటే అది ఎదిగే ఎముక తాలూకు నొప్పి. ఆట కొంత తగ్గిస్తే పోతుంది.

మంట, తిమ్మిరి, స్పర్శ లేకపోవడం వేరే కథ. కళ్లు మూసుకోమని చెప్పి కోడి ఈకతో అరికాలిని తాకితే తెలియడం లేదంటే షుగర్‌కీ, కుష్ఠుకీ పరీక్ష చేయించాలి. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో చూడాలి. కుష్ఠుకు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకుంటేనే వేళ్లు పోతాయి.

మడమ శూలకు ఏడు పనులు

ఈ పనుల్లో చాలావరకు ఇంట్లో, ఖర్చు లేకుండా జరిగేవే. మూడు రోజులు చేసి ‘తగ్గలేదు’ అని మానేస్తేనే వృథా అవుతాయి.

1. మొదటి అడుగుకు ముందే పట్టీని సాగదీయాలి. లేవగానే మంచం మీదో చాప మీదో కూర్చుని, నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకోవాలి. చేత్తో కాలి వేళ్లను పట్టుకుని మోకాలి వైపు వెనక్కి లాగాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలి మధ్య తడిమితే పట్టీ తాడులా బిగిసి తగులుతుంది. అలా తగిలితేనే సరిగ్గా లాగినట్టు. పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకుని వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. చాలామంది లేచి, కుంటుతూ బయటికెళ్లి, ముఖం కడుక్కుని వచ్చి అప్పుడు మొదలుపెడతారు. అప్పటికే పట్టీ దెబ్బ తినేసింది. సంతలో కూర్చుని లేచే ముందు కూడా ఇదే పని చేయాలి. ఎవరో చూస్తారన్న మొహమాటం వద్దు.

2. పిక్కను సాగదీయాలి. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మడమ నేలకు అంటి ఉండగా ముందుకు వాలాలి. ముప్పై అంకెలు. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొద్దిగా వంచి మరోసారి. ఒక్కోటి మూడుసార్లు. పాదం బయటికి తిరగనివ్వకూడదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

3. పట్టీకి బలం ఇవ్వాలి. సాగదీతతో ఉపశమనం వస్తుంది, నిలిచేది బలంతోనే. గడప మీదో, అరుగు మెట్టు మీదో నిలబడి, తువ్వాలును చుట్టలా చుట్టి కాలి వేళ్ల కింద పెట్టుకోవాలి. మునివేళ్ల మీద నెమ్మదిగా మూడు అంకెల్లో లేచి, రెండు అంకెలు నిలిచి, మూడు అంకెల్లో దిగాలి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్లతో, పట్టు వచ్చాక నొప్పి కాలితో ఒక్కదానితోనే. అదీ తేలికైతే వీపున బియ్యం సంచి పెట్టుకుని చేయాలి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండవచ్చు. మర్నాటి పొద్దున నొప్పి ముందు రోజు కన్నా పెరిగితే మాత్రం సంఖ్య తగ్గించాలి. తూలి పడేవారు గోడ పట్టుకుని చేయాలి.

4. చెప్పులను పరీక్షించాలి. జోడును గచ్చు మీద పెట్టి వెనుక నుంచి చూస్తే మడమ భాగం ఒక వైపుకు వాలిందా? రెండు చేతులతో మడిస్తే మధ్యలో మడుచుకుపోతోందా? అయితే ఆ చెప్పుల పని అయిపోయింది. మడమ కింద మందంగా, ముందు భాగం కన్నా కొంచెం ఎత్తుగా, వెనుక పట్టీతో ఉన్నవి కొండదారికి మంచివి. ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు మెత్తగా ఉంటాయి కానీ తడి రాళ్ల మీద జారే రకాలూ ఉన్నాయి, కొనేముందు అడుగు భాగం చూసుకోవాలి. ఇంట్లోకి చెప్పులు రానివ్వని ఇళ్లలో వంట చేసే చోట గోనెసంచిని నాలుగు మడతలు వేసి దాని మీద నిలబడితే సరిపోతుంది.

5. మోత మార్చాలి. ఒకేసారి మోసే మోపును రెండు విడతలు చేయాలి. నిట్టనిలువుగా దిగకుండా అడ్డంగా వంకర దారిన దిగాలి. కోత రోజుల్లో గంటకోసారి నిలబడే కాలు మార్చుకోవాలి. పూర్తి విశ్రాంతి అక్కర్లేదు, మంచానికి అంటుకుపోతే పట్టీ ఇంకా బిగుస్తుంది.

6. సలుపుతున్న సాయంత్రం చల్లని నీళ్ల సీసాను నేల మీద పెట్టి అరికాలితో పది నిమిషాలు దొర్లించాలి. డిసెంబరు, జనవరి చలిలో గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకున్నా హాయిగానే ఉంటుంది. స్పర్శ తెలియని కాళ్లకు మాత్రం వేడి ఏ రూపంలోనూ తగలకూడదు.

7. ఓపిక పట్టాలి. నొప్పి తగ్గడం మొదలవడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఏడాదిలోపు పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఆపరేషన్ లేకుండానే బాగుపడతారు. నవంబరులో మొదలైన నొప్పికి సాధన చేస్తూ కోత ముగించిన మనిషి, ఉగాది నాటికి తేడా చూస్తే అది మంచి ఫలితమే.

సూది, వాత, నల్లజీడి

మడమలో స్టెరాయిడ్ సూది వేయించుకుంటే కొన్ని వారాలు నొప్పి నిజంగానే తగ్గుతుంది. అందుకే దానికంత పేరు. ఆ తర్వాత నొప్పి తిరిగి రావచ్చు. పదేపదే వేయిస్తే కొవ్వు మెత్త కరిగిపోవచ్చు, పట్టీ తెగవచ్చు. మూడు నెలలు సరిగ్గా సాధన చేసినా పని మానుకోవాల్సినంత నొప్పి ఉంటే, ఎముకల డాక్టరు చేత ఒకసారి వేయించుకోవడం తప్పు కాదు. ఇంటికొచ్చి సూది వేసే మనిషి చేత వేయించుకోవడం తప్పు.

సంతలో పొట్లాల్లో అమ్మే కీళ్ల పొడులు, పేరులేని మాత్రలు ఇంకా ప్రమాదం. రెండు రోజుల్లో కీళ్ల నొప్పులన్నీ మాయమై, ఆకలి పెరిగి, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బితే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి. దానివల్ల షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, దాగి ఉన్న క్షయ బయటపడుతుంది. అలాగని నెలల తరబడి వాడినదాన్ని ఒక్కరోజులో మానేయడమూ ప్రాణాపాయమే. పొట్లం చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

వాతలు పెట్టించుకోవడం వల్ల కీలు బాగుపడదు, కాలిన పుండు మిగులుతుంది. నల్లజీడి రసం మడమ పగుళ్లకూ నొప్పికీ రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. దాని జిగురు చర్మాన్ని పొక్కించి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తుంది. వావిలాకు వేసి కాచిన నీళ్ల కాపడం, జిల్లేడాకు వెచ్చచేసి కట్టడం లాంటివి చర్మం కాలనంత వరకు హాని లేనివి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా, చర్మానికి అంటకుండా చూసుకోవాలి. హాయినిచ్చేది హాయినిస్తుంది, రోగాన్ని నయం చేస్తుందనుకోకూడదు.

తిండి విషయంలోనూ భయాలెక్కువ. వంకాయ వాతం, దుంప వాతం, పప్పు వాతం అని ఒక్కొక్కటీ మానేస్తూ పోతే చివరికి కంచంలో మిగిలేదేమిటి? అరుగుదలకు గానీ రుమటాయిడ్ కీళ్లవాతానికి గానీ వంకాయ కారణం కాదు. పప్పు మానేసిన ముసలివాళ్ల కండ కరిగి మోకాలి నొప్పి పెరగవచ్చు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అంబలి మానకూడదు. అది ఎముకకు బలం, కీళ్లవాతానికి మందు మాత్రం కాదు. మద్యం సంగతి వేరు. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు, తాగుడు ఆ దాడులను పెంచుతుంది.

మోకాలి అరుగుదల

అరిగిన మృదులాస్థి తిరిగి పెరగదు. ఈ మాట విని చాలామంది చేతులెత్తేస్తారు. కానీ మోకాలిని మోసేది మృదులాస్థి ఒక్కటే కాదు, తొడ కండరం కూడా. అది ఎనభై ఏళ్ల వయసులోనూ పెరుగుతుంది. అరుగు మీద కూర్చుని మోకాలిని నిటారుగా చాపి, తొడ బిగించి, పది అంకెలు నిలిపి దించాలి. పదిహేనుసార్లు, రెండు పూటలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి. ఖరీదైన గ్లూకోసమీన్ డబ్బాల మీద పెట్టే డబ్బు దీని ముందు దండగ.

ఇంట్లో మూడు మార్పులు చేస్తే రోజులో చాలా నొప్పి తప్పుతుంది: నేల మీది పొయ్యిని దిమ్మె మీదికి ఎక్కించడం, చాప బదులు మంచం, మరుగుదొడ్డిలో పట్టుకుని లేవడానికి గోడకు ఒక కర్ర. చేతికర్ర నొప్పి ఉన్న మోకాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. దాదాపు అందరూ తప్పుగానే పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

మందుల్లో మొదటిది డైక్లోఫినాక్ పూత. మింగే నొప్పి మాత్రలు అన్నం తిన్నాకే, కొద్ది రోజులకే, డాక్టరు చెప్పిన మోతాదులోనే. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అవి పనికిరావు. జ్వరం ఏదో తేలకముందు కూడా వాటిని మింగకూడదు, డెంగీ అయితే రక్తస్రావం కావచ్చు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి నిలిచే కీళ్ల నొప్పులు 2006 నాటి విజృంభణ చూసినవారికి గుర్తుండే ఉంటాయి. అవి చాలామందికి నెమ్మదిగా తగ్గేవే. మోకాలు వంకరపోయి రాత్రి నిద్ర కూడా పట్టకపోతే కీలు మార్పిడి గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడాలి.

రుమటాయిడ్: ఆగకూడని జబ్బు

రెండు చేతుల మణికట్లు, వేళ్ల కణుపులు సమానంగా వాచి, పొద్దున పిడికిలి బిగవక, ఆరు వారాలు దాటితే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అనుమానించాలి. మగవారి కన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. వయసు మళ్లిన నొప్పి అనుకుని ఏడాది గడిపేస్తే ఎముక కరిగి వేళ్లు వంకరపోతాయి, ఆ వంకర మందుతో తిరిగిరాదు. మొదటి మూడు నెలల్లో వైద్యం మొదలైతే చాలామంది మామూలుగా పని చేసుకోగలుగుతారు.

దీనికి వాడే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒకే ఒక్క రోజు వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. చదువురాని ఇంట్లో ఈ తప్పు జరగకుండా ఒక తేలిక మార్గం ఉంది: సంత రోజే మాత్ర రోజు. వారం మరిచినా సంత మరవరు. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ వేరే రోజున. రక్త పరీక్షలు తప్పకూడదు, మద్యం ముట్టకూడదు, గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందే చెప్పాలి. ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా పుణ్యమా అని ఏజెన్సీకి బాగా తెలిసిన క్లోరోక్విన్‌కు ఇది చుట్టమే. ‘మలేరియా మాత్ర కీళ్లకెందుకు ఇచ్చారు’ అని పారేయకూడదు. ఏళ్ల తరబడి వాడేవారు కంటి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

కీళ్లవాతంలా కనిపించే మరికొన్ని

గిరిజన ప్రాంతాల్లో ప్రతి కీళ్ల నొప్పి దగ్గరా గుర్తుకు రావాల్సిన జబ్బు సికిల్ సెల్ రక్తహీనత. పసిపిల్లల చేతులు, పాదాలు ఉబ్బడం, చలికాలంలో ఎముకలు పిండినట్టు నొప్పి, కళ్లు పచ్చబడడం దాని గుర్తులు. పెద్దయ్యాక తుంటి ఎముకకు రక్తం అందక కుంటుతారు, దాన్నీ వాతమనే అనుకుంటారు. ఈ జబ్బును గుర్తించేందుకు కేంద్ర ప్రభుత్వ జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. ఈ ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారందరికీ పరీక్ష చేయడం దాని లక్ష్యం. పరీక్షకు వచ్చిన సిబ్బందిని వెనక్కి పంపకూడదు. జబ్బు తేలినవారు నీళ్లు బాగా తాగాలి, చలికి ఒళ్లు కప్పుకోవాలి, డాక్టరు రాస్తే హైడ్రాక్సీయూరియా మానకుండా వాడాలి.

ఒకే కీలు నెలల తరబడి వాచి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష. ఒకే కీలు ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా, వేడిగా వాచి, చలిజ్వరంతో కాలు కదపలేకపోతే కీలులో చీము పట్టినట్టే లెక్క. అప్పుడు కాపడాలు, పసర్లు చూసుకుంటూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేసి, రోడ్డు లేని ఊరైతే డోలీ కట్టి అయినా ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మామూలు మడమ నొప్పికి, మోకాలి నొప్పికి కిలగాడ, లబ్బూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ముంచింగిపుట్టు సామాజిక ఆరోగ్య కేంద్రం చాలు. ఎముకల డాక్టరు, రక్త పరీక్షలు కావాలంటే పెదబయలు మీదుగా పాడేరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. 2024లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. రుమటాయిడ్ ముదిరినా, కీలు మార్చాల్సి వచ్చినా విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు, పొట్లాలు అన్నీ వెంట ఉండాలి. తెలుగు సరిగా రానివారి వెంట ఆశా కార్యకర్తనో, చదువుకున్న పిల్లనో తీసుకెళ్లాలి. నొప్పి ఎక్కడో చూపడం సులువే, బిగువు ఎంతసేపు ఉంటుందో చెప్పడానికి మాట కావాలి. కీళ్లు శాశ్వతంగా దెబ్బతిని వైకల్యం 40 శాతానికి చేరితే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవచ్చు, పింఛనుకు అదే ఆధారం.

మామూలు మడమ శూలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇంట్లో సాధన చేసి చూడవచ్చు. చేతి వేళ్లు వాచి పొద్దున గంట సేపు బిగుసుకునేవారు, రెండు మడమలతో పాటు నడుమూ పట్టేసే యువకులు మాత్రం కాఫీ కోత అయ్యేదాకా ఆగకుండా ఈ వారమే పాడేరు బస్సు ఎక్కాలి.